ఇటరేటరును పరీక్షించు విధము

బొగ్గుగనుల నడుమ నివసించు మన విద్యార్థులకు ల్యాంపు రూమును గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. బాయిలోనికి దిగు కార్మికుడు తన సంఖ్యగల దీపమును తీసికొనిపోవును; షిఫ్టు ముగిసి పైకి వచ్చినపుడు దానిని మరల నప్పగించును. అప్పగింపబడని దీపమొకటి యున్నచో, మనుష్యు డొకడింకను లోపల నున్నాడేమో యని విచారింపవలసినదే. భూగర్భమున నున్న ప్రతివాని పేరును ఏ క్షణముననైనను చూపు రిజిస్టరుండవలెనని 1952వ సంవత్సరపు గనుల చట్టము, 48వ సెక్షను, విధించియుండెను.

ఈ లెక్కను కంప్యూటరుచే చేయింపదలచితిమనుకొందము. జావా భాషలో దీపముల బీరువాను ఒక క్లాసుగా వ్రాసి, తిరిగిరాని దీపములను మాత్రమే ఒకదాని వెనుక నొకటిగ నందించు వస్తువును మనమే నిర్మింపవచ్చును. అట్టిదానికి ఇటరేటరని పేరు. ఈ భావము 1970 దశాబ్దిలో బార్బరా లిస్కోవ్ అను విదుషియు నామె శిష్యులును అమెరికాలో నిర్మించిన క్లూ భాషయందే కలదు. జావాలో 1998 నుండి యున్నది. దానికి ముఖ్యమైన పనులు రెండు. 'ఇంకొకటి కలదా' యని యడుగునది హ్యాజ్‌నెక్స్ట్. ఆ యొకదానిని చేతికిచ్చి ముందునకు సాగునది నెక్స్ట్.

హ్యాజ్‌నెక్స్ట్ ఎన్నిమారు లడిగినను స్థితి మారరాదు. కాని తిరిగిరాని దీపమును కనుగొనుటకై అది లోలోపల వెదకవలసియుండును గదా! పొరబాటు జొరబడునది ఇచ్చటనే. మొదటి ప్రశ్నకు ఒక దీపమును కనుగొని, రెండవమారు అడుగగా దానిని విడిచి ఆవలిదానిని వెదకును. సామాన్యమైన ఫర్ లూపు ప్రతి దీపమునకు ఒక్కమారే యడుగును గనుక ఈ దోషము బయటపడదు. ప్రోగ్రామంతయు నడిపి చూచి తృప్తిపడుట చాలదని మేము తరగతిలో పలుమారు చెప్పుట యిందుకే.

కావున ఆ చిన్న భాగమును విడదీసి పరీక్షింపవలెను. దీనినే యూనిట్ టెస్టందురు. జావాలో ఇందుకు వాడు జేయూనిట్ అను సాధనమును కెంట్ బెక్, ఎరిక్ గామా యనువారు 1997లో విమానప్రయాణమున వ్రాయ మొదలిడిరట!

పది దీపముల బీరువాలో 3, 7, 10 రాలేదనుకొనుడు. హ్యాజ్‌నెక్స్ట్‌ను వరుసగా మూడుమారు లడిగి, పిదప నెక్స్ట్‌ను పిలువుడు. 3 రావలెను. దోషమున్నచో 10 వచ్చును. ఇద్దరు మనుష్యులు లెక్కనుండి జారిపోయిరన్నమాట. దొరికిన దీపము నింకను చేతికీయకున్నచో మరల వెదకరాదను నిబంధన చేర్చిన, దోషము తీరును. జవాబులను ముందే కాగితముపై వ్రాసికొనవలెను. ప్రోగ్రామిచ్చిన జవాబును చూచి పరీక్ష వ్రాయుట, విద్యార్థి జవాబును చూచి ప్రశ్నపత్రమును దిద్దుట వంటిది.

హ్యాజ్‌నెక్స్ట్‌ను అసలడుగక నెక్స్ట్‌నే మూడుమారులు పిలిచినను 3, 7, 10 రావలెను. నాల్గవమారు పిలిచిన, శూన్యమును గాని పాత సంఖ్యను గాని ఈయక, నోసచ్‌ఎలిమెంట్ ఎక్సెప్షన్ అను దోషసూచనను లేవదీయవలెను. బీరువా ఖాళీగ నున్నపుడును, దీపములన్నియు వచ్చినపుడును, ఒక్కటియు రానపుడును వేర్వేరుగ పరీక్షింపుడు. తుదకు, ఒకే బీరువానుండి రెండు ఇటరేటరులను తీసి, మొదటిదానిని రెండడుగులు నడిపింపుడు. రెండవదానిని పిలువగా అది 3తోనే మొదలిడవలెను. 10తో మొదలిడినచో ఆ రెండును ఒకే గుర్తును పంచుకొనుచున్నవని తెలియును.