నడుము నొప్పికి ఏ డాక్టరు దగ్గరకు వెళ్లాలి?



వంగి బిందె ఎత్తబోతారు, నడుము పట్టేస్తుంది. మన పల్లెల్లో వెంటనే గుర్తొచ్చేది ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి. వారిచేత తన్నించుకుంటే నొప్పి పోతుందంటారు. చాలాసార్లు పోతుంది కూడా. అది తన్ను మహిమ కాదు. కండరం పట్టేసిన నొప్పి చాలామందికి కొద్ది వారాల్లో దానంతటదే తగ్గుతుంది. కానీ వెన్నుపూస దెబ్బతిని ఉంటే ఆ తన్నే కొంప ముంచవచ్చు.

మరి ఎవరి దగ్గరకు వెళ్లాలి? మొదట దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, పావగడ తాలూకా ఆసుపత్రికో వెళ్లండి. అక్కడి ఎం.బి.బి.ఎస్. డాక్టరు పరీక్షించి, పెద్ద డాక్టరు అవసరమో కాదో చెబుతారు. నొప్పి ఉందని మంచం పట్టకండి. ఓర్చుకోగలిగినంత మేరకు మెల్లగా తిరుగుతూ ఉండండి.

నొప్పి కాలిలోకి దిగి, ఆరు వారాలైనా తగ్గకపోతే ఎముకల డాక్టరును చూడాలి. నలభై ఏళ్లలోపు వారికి మూడు నెలలుగా పొద్దున లేవగానే నడుము బిగిసి, తిరిగితే సడలుతూ ఉంటే కీళ్లవాత నిపుణులు కావాలి. మూత్రంలో మంట, రక్తం ఉంటే కిడ్నీలు చూపించుకోవాలి. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్ను క్షయ కావచ్చు, ఆలస్యం వద్దు.

కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఆ రోజే 108కి ఫోన్ చేయండి. వెన్నెముక శస్త్రచికిత్స చేసేవారు అప్పుడు కావాలి. బెంగళూరులో నిమ్హాన్స్, సంజయ్ గాంధీ ఎముకల ఆసుపత్రి ఉన్నాయి.

ఇక మన తాలూకాకు ప్రత్యేకమైన మాట ఒకటుంది. ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే నీరు లేకుంటే 1.5 దాటరాదనీ భారత ప్రమాణం. ఏళ్ల తరబడి అంతకు మించి తాగితే ఎముకలు, కీళ్లు బిగుస్తాయి. గడ్డం ఛాతీకి ఆనించలేకపోవడం, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు తాకలేకపోవడం, చేతులు తల వెనక్కి పెట్టలేకపోవడం దీని గుర్తులు.

దూరపు డాక్టరుకు మన నీళ్ల సంగతి తెలియకపోవచ్చు. కనుక మీరే చెప్పండి: "నాది పావగడ తాలూకా, ఇన్నేళ్లుగా బోరు నీళ్లే తాగుతున్నాను" అని. నడుముకు ముంజేతి ఎక్స్‌రే ఎందుకని అప్పుడు ఆశ్చర్యపోకండి. అక్కడి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడడం ఫ్లోరోసిస్ గుర్తు. బిగిసిన ఎముకను తిరిగి మామూలుగా చేసే మందు లేదు. మంచి నీటికి మారితే జబ్బు ముదరకుండా ఆపవచ్చు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు సుమా!

తుమకూరులో కన్నడ డాక్టరు అడిగితే, నొప్పి నడుములోనైతే 'సొంట' అనండి, వీపులోనైతే 'బెన్ను' అనండి. ఎక్కడో సరిగా చూపిస్తే సగం పని అయినట్టే.