శునకము: లోకోక్తి, విశ్వాసము, యథార్థము

తెలుగు సామెతలలో కుక్కకు లభించిన చోటు మఱి యే పెంపుడు జంతువునకు లభించిన చోటునకును తీసిపోదు. 1868లో కార్ దొర మద్రాసున ప్రకటించిన ఆంధ్రలోకోక్తిచంద్రిక మొదలుకొని సామెతల సంకలనములు మనకు పెక్కు గలవు. అయినను శునకమును గూర్చి లోకమున వినవచ్చు మాటలన్నియు నొక జాతివి కావు. కొన్ని మనుష్య స్వభావమును చెప్పుటకై కుక్కను ఉపమానముగా గైకొన్నవి. కొన్ని ప్రకృతిని చక్కగా పరిశీలించి చెప్పినవి. మఱికొన్ని కేవలము అపోహలు. ఈ మూడును ఒకే రూపమున, అనగా పెద్దల నోటి మాటగా మనకు సంక్రమించినవి. అందుచే నొకదాని నింకొకటిగా భ్రమించుట సులభము. మొదటి రెండింట ఈ భ్రమ వలన కలుగు నష్టము స్వల్పము. మూడవదానియందు ప్రాణహాని గలదు. కావున ఈ విభజనము సాహిత్య విద్యార్థికి కేవలము వినోదము కాదు.

1. నామములు

పూర్వులు కుక్క నెట్లు పరిశీలించిరో తెలిసికొనుటకు పర్యాయపదములే తొలి యాధారములు. అమరసింహుడు చెప్పిన పేళ్లలో కౌలేయకము ఇంటిని అంటిపెట్టుకొనియుండు దానిని, మృగదంశకము వేటలో మృగమును కఱచు దానిని, భషకము మొఱుగు దానిని తెలుపును. సారమేయము దేవశుని యగు సరమ సంతతి. వేటయందు నేర్పు గలది విశ్వకద్రువు. పిచ్చిపట్టిన కుక్కకు అలర్కమని వేఱొక పేరు గలదు. వెఱ్ఱికుక్కను ప్రత్యేకముగా గుర్తించి దానికొక పేరిడుట గమనింపదగిన విషయము.

తమిళ, మలయాళ, కన్నడ, తుళు భాషలలో నాయ్, నాయి యను రూపములు వ్యవహారమున నుండగా తెలుగున కుక్క యను పదము స్థిరపడినది. వేఁపి యను దేశ్యపదము నిఘంటువులకును కావ్యములకును పరిమితమైనది. వేటకుక్కకు జాగిలమను పేరు నేటికిని నిలిచియున్నది. నేరపరిశోధనకై రక్షకభటులు పెంచు కుక్కలను పత్రికలు పోలీసు జాగిలములనియే వ్రాయుచున్నవి.

2. ఉపమానములు

“మొఱిగే కుక్క కఱవదు” అను సామెత బెదిరించువాడు కార్యశూరుడు కాడని చెప్పును. ఇది మనుష్యుని గూర్చిన మాట. కుక్క భయముచేతను, కోపముచేతను, సంతోషముచేతను, తోడివానిని పిలుచుటకును మొఱుగును. మొఱిగిన కుక్క కఱవవచ్చును. మొఱుగని కుక్కయు కఱవవచ్చును. తోక యాడించుటయు నిట్టిదే. తోక యాడించిన ప్రతి కుక్కయు స్నేహము గోరుచున్నదనుట పొరపాటు. యజమానిని చూచినపుడు తోక కుడివైపునకును, బలమైన క్రొత్త కుక్కను చూచినపుడు ఎడమవైపునకును ఎక్కువగా నూగుచున్నదని 2007లో ఇటలీ దేశపు పరిశోధకులు ప్రకటించిరి. అనగా తోక ఊపులో నొక భావము కాక పలుభావములు గలవు.

“కుక్క తోక వంకర” యనునది మాఱని స్వభావమునకు మనవారు చూపు ప్రసిద్ధ దృష్టాంతము. ఇందొక విచిత్రము గలదు. కుక్కకు మూలజాతి తోడేలు. తోడేలు తోక సామాన్యముగా క్రిందికి వ్రేలాడునే గాని వీపుమీదికి చుట్టుకొనదు. చుట్టతోక మానవ సాహచర్యమున మెలగిన కుక్కలలో వ్యాపించిన లక్షణము. 1959లో బెల్యాయెవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు నొవొసిబిర్‌స్క్‌లో కేవలము సాధుత్వమును బట్టి నక్కలను ఏఱి తరతరములుగా పెంపు చేయించెను. వాని సంతతిలో కొన్నింటికి తోక వంకర తిరిగెను. సాధుత్వమే దీనికి కారణమా యను విషయమున శాస్త్రజ్ఞులలో భేదాభిప్రాయములున్నవి. ఎట్లయినను, మనము మార్పులేమికి గుర్తుగా చెప్పుకొను వంకరతోక నిజమునకు ఒక గొప్ప మార్పునకు గుర్తు. ఇందుచే సామెతకు లోపము రాదు. సామెత ఒక కుక్క జీవితకాలమును చూచి చెప్పినది. శాస్త్రము వేల తరములను చూచి చెప్పుచున్నది.

3. పరిశీలనములు

“చిత్తకార్తె కుక్క” యను మాట నిందావాక్యముగా వాడుకలో నున్నది. అందుచే సంకలనకర్తలు దానిని పరిహరించుట కలదు. కాని యిందు కర్షకుని నిశితమైన పరిశీలన దాగియున్నది. సూర్యుడు చిత్తా నక్షత్రమున నుండు కాలము చిత్తకార్తె. అది అక్టోబరు రెండవ వారమున మొదలై సుమారు పదునాలుగు దినములుండును. మన దేశపు వీధికుక్కలు ప్రధానముగా వర్షాకాలపు చివరను, శరత్తునందును జతకూడి, సుమారు 63 దినముల గర్భము మోసి, చలికాలమున ఈనుచున్నవని జయపురమునను వంగదేశమునను జరిగిన పరిశీలనములు తెలుపుచున్నవి. పంచాంగమును, పొలమును, వీధిని కలిపి చూచిన వారి నోట పుట్టిన మాట యిది. తిట్టు గదా యని త్రోసివేసిన ఈ జ్ఞానము నశించును.

4. విశ్వాసములు

రాత్రివేళ కుక్క యేడ్చిన మరణము సంభవించునని, దానికి యమభటులు కనబడుదురని నమ్ముదురు. ఋగ్వేద దశమ మండలమున యముని మార్గమును కాచు నాలుగు కన్నుల కుక్కలు రెండు గలవు. అవి యమదూతలై జనుల నడుమ సంచరించునని యందు చెప్పబడినది. నేటి నమ్మకము దాని నుండియే వచ్చినదని నిశ్చయించుటకు వీలులేదు గాని భావసాదృశ్యము స్పష్టము. ఊళ పెట్టుట తోడేలు జాతికి సహజమైన దూరపు పిలుపు.

కుక్కకు లోకమంతయు నలుపు తెలుపులుగానే కనబడునను మాట నేటి చదువరులలోనే వ్యాపించినది. 1989లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున జరిగిన పరీక్షలు దానిని త్రోసిపుచ్చినవి. కుక్క నీలమును పసుపును గుర్తించును. ఎఱుపు, ఆకుపచ్చల భేదమును మాత్రము మనవలె గ్రహింపజాలదు.

5. కాటు

“కుక్క కాటుకు చెప్పు దెబ్బ” యనునది తగిన ప్రతిక్రియను తెలుపు సామెత, చికిత్స కాదు. అయినను కాటు విషయమున చికిత్సలుగా చెల్లుచున్న అపోహలు పెక్కు గలవు. గాయముపై కారమో సున్నమో పెట్టుట, పసరు పోయించుట, మంత్రము వేయించుట, పథ్యముతో సరిపెట్టుట నేటికిని కలదు. పిచ్చిసోకని కుక్క కఱచినవాడు ఏ పసరు త్రాగినను బ్రదుకును. ఆ కీర్తి పసరునకు దక్కును. ఇట్టి కీర్తి నమ్మియే పిచ్చికుక్క కఱచినవాడును ఆలస్యము చేసి ప్రాణము గోల్పోవును.

రోగము బయటపడిన పిమ్మట దాదాపుగా బ్రదుకు లేదు. ఇది క్రొత్తగా తెలిసిన విషయము కాదు. సుశ్రుత సంహిత కల్పస్థానమున అలర్కవిషమును వర్ణించుచు, నీటిని చూచి భయపడుట మరణచిహ్నమని చెప్పబడినది. రోగి కుక్కవలె మొఱుగునను ప్రవాదమునకు కారణము, కంఠపు కండరములు బిగిసి స్వరము బొంగురుపోవుటయే.

1885 జూలై 6వ తేదీన పాశ్చరు పండితుడు జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి టీకా వేయించి ఈ చరిత్రను మార్చెను. 1907లో కూనూరున పాశ్చర్ సంస్థ వెలసినది. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను భయము నాడీకణజాలముతో చేసిన పాత టీకా నాటిది. ఆ టీకా ఉత్పత్తి మన దేశమున 2004లో నిలిచిపోయినది. నేడు భుజమున చర్మమునందు వేయు పద్ధతిలో 0, 3, 7, 28వ దినములందు టీకా వేయుదురు. కఱచిన వెంటనే సబ్బుతో, ధారగా పాఱు నీటితో పదునైదు నిమిషములు గాయమును కడుగవలెను. ఆ వెనుక తడవు చేయక వైద్యశాలకు పోవలెను. చర్మము చీల్చిన కాటునకు టీకాతోపాటు గాయమున ప్రతిరక్షక ద్రవ్యమును కూడ ఎక్కింతురు. కుక్కను పది దినములు కనిపెట్టియుండుట మంచిదే గాని, అంతవరకు టీకాను ఆపరాదు. చిన్న కుక్కపిల్ల కాటు అపాయము కాదనుటయు అపోహయే.

ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది ఈ వ్యాధిచే మరణించుచున్నారని అంచనా. పిచ్చిసోకినదని సందేహింపబడిన జంతువులచే కఱవబడినవారిలో నూటికి నలువదిమంది పదునైదేండ్లలోపు బాలురని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పెద్దలు కొట్టుదురను భయముచే చిన్నకాటును దాచు పిల్లవాడు మొదట నోరువిప్పునది పలుమారు బడిలోనే. ఆ పలుకు విను స్థానమున నున్నవాడు ఉపాధ్యాయుడు.

6. ఉపసంహారము

మన వాఙ్మయము శునకమును ఒకే దృష్టితో చూడలేదు. నన్నయ ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు నిష్కారణముగా సారమేయుని కొట్టగా సరమ వచ్చి రాజును నిలదీసినది. మహాప్రస్థానమున ధర్మరాజు తన్ను వెన్నంటి వచ్చిన కుక్కను విడిచి స్వర్గమును కోరలేదు. బసవపురాణమున శివభక్తుడొకడు కుక్కచేతనే వేదము చదివించెను. ఇవి ధర్మమును చెప్పు కథలు. వీనిని జంతుశాస్త్రముతో కొలువ నక్కఱలేదు.

కాని జానపద విజ్ఞానమును సేకరించు పరిశోధకునిపై నొక భారము గలదు. సామెతను సామెతగా, పరిశీలనను పరిశీలనగా నమోదు చేయుట చాలును. చికిత్సను మాత్రము నమోదు చేసినపుడు, అది ప్రాణరక్షకము కాదను వాక్యమును దాని ప్రక్కనే వ్రాయవలెను. అచ్చుపడిన మాటకు గౌరవ మెక్కువ. వ్యాఖ్య లేక అచ్చువేసిన పసరు పేరు రేపొక గ్రామమున వైద్యవిధిగా చదువబడవచ్చును.