సిస్టరమ్మ చేతిలో ఫోను

ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్న బంధువులకు ఈ రోజుల్లో తరచూ వచ్చే కోపం ఒకటుంది. "మా నాయినకు పానం మంచిగ లేకుంటే, సిస్టరమ్మ ఫోన్ చూస్కుంట కూసున్నది" అంటారు. కొన్నిసార్లు ఆ కోపం న్యాయమైనదే. కాని చాలాసార్లు ఆ సిస్టరు చూస్తున్నది మందు మోతాదో, డాక్టరుగారు పంపిన సూచనో, సెలైన్ చుక్కల లెక్కో అయి ఉంటుంది. దూరం నుంచి చూసేవారికి ఏది ఏదో తెలియదు. ఫోను వార్డులోకి ఎందుకు వచ్చింది, దానిని ఎంతవరకు నమ్మవచ్చు, ఎక్కడ నమ్మకూడదు అనే సంగతులు రోగుల బంధువులకు, మన నర్సింగ్ సిబ్బందికి, ఊళ్ళలో తిరిగే ఆశ, ఏఎన్ఎం కార్యకర్తలకు కూడా ఉపయోగపడతాయని ఈ వ్యాసం.

దేవరుప్పుల మండలం జనగామ–సూర్యాపేట రోడ్డు మీద ఉంది. 2016 అక్టోబరు 11న జనగామ జిల్లా ఏర్పడేవరకు ఇది వరంగల్ జిల్లాలోనిది. ఇక్కడ ఎవరికైనా జబ్బు ముదిరితే సాధారణంగా ముందు జనగామకు, అక్కడ కాకపోతే వరంగల్ ఎం.జి.ఎం.కు తీసుకుపోతారు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 వాహనాలు మొదలయ్యాక, ప్రాణాపాయంలో ముందుగా చేయవలసిన పని ఫోను తీయడమే అని పల్లెలకు అలవాటైంది. 2016లో ఏఎన్ఎంల రిజిస్టర్లను ట్యాబ్‌లోకి మార్చే అన్మోల్ యాప్ ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైంది. 2019లో ఉపకేంద్రం నుంచే డాక్టరుకు రోగిని చూపించే ఈ-సంజీవని, 2021లో అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్, కోవిడ్ టీకాల కోసం కోవిన్ వచ్చాయి. ఇప్పుడు ఏఎన్ఎం సంచిలో బి.పి. మిషను, గ్లూకోమీటరు ఉన్నట్టే ఫోను కూడా ఉంటున్నది.

అయితే ఒక తేడా ఉంది. బి.పి. మిషను ముల్లు సున్నా దగ్గర లేకపోతే ఆ మిషను చెప్పిన లెక్కను మనం నమ్మము. ఫోనులో ఆ సున్నా ఎక్కడుందో కంటికి కనిపించదు. యాప్‌ను తయారు చేసినవారు ఏ దేశం మందులను, ఏ కొలతలను మనసులో పెట్టుకుని చేశారో మనమే తెలుసుకోవాలి.

చుక్కల లెక్క

ఒక పెద్దాయనకు 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో ఎక్కించమని డాక్టరుగారు రాశారనుకుందాం. మన వద్ద మామూలుగా దొరికే సెలైన్ సెట్‌లో 20 చుక్కలు కలిస్తే 1 మి.లీ. 500ను 20తో హెచ్చించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి సుమారు 42 చుక్కలు వస్తాయి. ఇదే లెక్కను ఫోనులోని యాప్‌కు ఇచ్చామనుకోండి. కొన్ని దేశాల్లో 10 చుక్కల సెట్లు, 15 చుక్కల సెట్లు వాడతారు. యాప్ 10 చుక్కల సెట్ అనుకుంటే 21 అని చెబుతుంది. అలా పెడితే సీసా 8 గంటలకు గాని అయిపోదు. పిల్లలకు వాడే మైక్రో డ్రిప్ సెట్ అనుకుంటే 125 అంటుంది. ఆ 125 చుక్కలను మన మామూలు సెట్‌లో పెడితే 4 గంటలు పట్టవలసిన సీసా 1 గంటా 20 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. గుండె బలహీనంగా ఉన్నవారికి అంత వేగంగా సెలైన్ ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది.

యాప్ కూడిక, తీసివేతల్లో తప్పు చేయలేదు. ఏ సెట్ అనే ప్రశ్నకు జవాబు దానికి దొరకలేదు, అంతే. ఆ జవాబు సెట్ కవరు మీదే అచ్చు వేసి ఉంటుంది. కవరు చింపి పారేసేముందు చదవాలి.

మందు ఎంత, సీసాలో ఎంత

జ్వరంతో వచ్చిన 10 కిలోల పిల్లవాడికి పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున 150 మి.గ్రా. కావాలి. యాప్ ఈ అంకె సరిగానే చెబుతుంది. కాని తల్లి చేతిలో ఉన్నది సీసా, మూత. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే 6 మి.లీ. పోయాలి. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్నదైతే 3 మి.లీ. చాలు. పసిపిల్లల చుక్కల మందు, అంటే 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉన్నదైతే ఒకటిన్నర మి.లీ. మాత్రమే. "6 మి.లీ. పోయమన్నారు" అని గుర్తుపెట్టుకున్న తల్లి, ఈసారి ఊళ్ళో దొరికిన చుక్కల మందును 6 మి.లీ. పోసిందంటే పిల్లవాడికి నాలుగు రెట్లు మందు పడుతుంది. మోతాదు యాప్‌లో చూసినా, చివరి లెక్క సీసా లేబుల్ చూసే వేయాలి. బిడ్డకు ఏ సీసాలోంచి ఎంత పోయాలో తల్లికి ఆ సీసానే చేతిలో పట్టుకుని చూపించాలి.

పేర్ల దగ్గర కూడా ఇబ్బంది ఉంది. అమెరికాలో తయారైన యాప్‌లో పారాసిటమాల్ అసిటమినోఫెన్ అని, సాల్బుటమాల్ ఆల్బుటెరాల్ అని, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్ అని ఉంటాయి. కొత్తగా చేరిన సిస్టరుకు ఇవి వేరే మందులనిపించవచ్చు. చక్కెర కొలత కూడా అంతే. మన గ్లూకోమీటరు 126 అని చూపిస్తే, కొన్ని దేశాల లెక్కలో అది 7. ఆ 7కు భయపడి గ్లూకోజ్ ఎక్కించారంటే గొడవే.

ఇక కెమెరా మీద వేలు పెడితే బి.పి. చెబుతామనే యాప్‌ల గురించి ఒక్కమాట. అమెరికాలో లక్షకు పైగా అమ్ముడుపోయిన అలాంటి ఒక యాప్‌ను జాన్స్ హాప్కిన్స్ వైద్యులు పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. నిజంగా బి.పి. ఎక్కువగా ఉన్న ప్రతి 100 మందిలో 77 మందికి పైగా "మీ బి.పి. బాగానే ఉంది" అని అది చెప్పింది. చేతికి పట్టీ కట్టకుండా, వేలితో బి.పి. చెప్పే యాప్‌ను ఏ రోగికీ వాడవద్దు.

డబ్బు పెట్టకుండా ఫోనులో ముందే ఉన్న గడియారం మాత్రం గొప్ప సాధనం. దగ్గు, జ్వరం ఉన్న పిల్లవాడి ఊపిరిని పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి. 2 నెలల లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, 5 ఏళ్ళలోపు 40, ఆ పైన ఉంటే వేగంగా పీలుస్తున్నట్టే. న్యుమోనియా అని అనుమానించి పంపాలి. అర నిమిషం చూసి రెట్టింపు చేయడం చాలామందికి అలవాటు. పసిపిల్లల ఊపిరి ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి ఆ లెక్క తప్పుతుంది.

పాము ఫోటో, పురుగుమందు డబ్బా

వరి, పత్తి పండే మన ప్రాంతంలో ఈ రెండూ తప్పవు. పాము కాటు వేస్తే దానిని వెతికి, చంపి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, అది ఏ పామో తేలేదాకా ఆగేవారు ఉన్నారు. మన దేశంలో ఇచ్చే విరుగుడు ఇంజక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటికీ కలిపి తయారైనదే. ఫోటో ఉంటే మంచిదే, లేకపోయినా చికిత్స ఆగదు. విషం ఎక్కిందా లేదా అన్నది రోగి కనురెప్పలు వాలడం, మాట తడబడటం, రక్తం గడ్డకట్టకపోవడం చూసి నిర్ణయిస్తారు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసి కదపకుండా 20 నిమిషాలు ఉంచి చూస్తారు. ఆ 20 నిమిషాలకు ఫోనులో అలారం పెట్టుకోండి. పని ఒత్తిడిలో అది 10 అవుతుంది, లేదా 40 అవుతుంది.

పురుగుమందు విషయంలో ఫోటో నిజంగా ప్రాణం కాపాడవచ్చు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు కావాలి. మోనోక్రోటోఫాస్ అయితే అట్రోపిన్ పనిచేస్తుంది. పారాక్వాట్ గడ్డిమందు అయితే దానికి విరుగుడు లేదు. ఆక్సిజన్ కూడా అవసరం పడితే తప్ప పెట్టరు, ఎందుకంటే అది ఊపిరితిత్తులకు ఇంకా హాని చేస్తుంది. లేబుల్ మీది ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు విషం తీవ్రతను మాత్రమే చెబుతాయి, చికిత్సను చెప్పవు. కాబట్టి డబ్బానే వెంట తెండి. తేలేకపోతే లేబుల్‌ను అన్ని వైపులా స్పష్టంగా ఫోటో తీసి, రోగి రాకముందే ఆసుపత్రికి పంపండి. సందేహం ఉన్న సిబ్బంది ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800-116-117 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

గాయం ఫోటో ఎవరిది?

పెద్ద డాక్టరుగారికి చూపించడానికి సిస్టరు పుండు ఫోటో తీస్తుంది. దానివల్ల రోగికి వరంగల్ ప్రయాణం తప్పవచ్చు కూడా. కాని ఆ ఫోటో అక్కడితో ఆగదు. అది గ్యాలరీలో ఉంటుంది, ఇంటర్నెట్ నిల్వలోకి తానే వెళుతుంది. సాయంత్రం ఇంట్లో ఆటలు ఆడుకోవడానికి అదే ఫోను పిల్లల చేతికి వెళుతుంది. "ముఖం కనిపించకుండా తీశాను కదా" అంటారు. మన ఊళ్ళలో మనిషిని గుర్తుపట్టడానికి ముఖమే అక్కరలేదు. చేతి మీది పచ్చబొట్టు, తండా స్త్రీల గాజులు, కాలి కడియం చాలు. ఎక్స్‌రే మూలన పేరు, నంబరు ఉండనే ఉంటాయి.

ఇక్కడ పోయేది పరువు మాత్రమే కాదు. హెచ్.ఐ.వి. ఉన్న కోడలి రిపోర్టు గ్రూపులో తిరిగితే ఆమెకు ఇంట్లో చోటు ఉండదు, ఆమె మళ్ళీ మందుల కోసం ఆసుపత్రి గడప తొక్కదు. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం, ఆ వ్యక్తి అంగీకారం లేకుండా ఆ సంగతి బయటపెట్టడం చట్టవిరుద్ధం. అత్యాచారానికి గురైన స్త్రీ వివరాలు బయటపెట్టినా అంతే.

కనుక ముందు అడగాలి, ఎందుకో వారి భాషలో చెప్పాలి. అవసరమైన భాగాన్నే తీయాలి. ఒక్క డాక్టరుకే పంపాలి, గ్రూపులో పెట్టకూడదు. చికిత్స నిర్ణయం కాగానే కేసు షీటులో రాసి, ఫోటోను గ్యాలరీలోంచి, చెత్తబుట్టలోంచి కూడా తీసేయాలి. ఆసుపత్రికి వార్డు కోసమే ఒక ఫోను ఉండి, అది వార్డు దాటి వెళ్ళకపోతే అన్నిటికంటే మంచిది. సొంత ఫోనుతోనే పని చేయించుకుంటూ జాగ్రత్తలు మాత్రం సిస్టర్లకే చెప్పడం సరికాదు.

చేతులు కడిగి మళ్ళీ ఫోను

2009లో ప్రచురితమైన, టర్కీలో చేసిన ఒక పరిశీలనలో 200 మంది ఆసుపత్రి సిబ్బంది ఫోన్లను పరీక్షిస్తే 94.5 శాతం ఫోన్ల మీద సూక్ష్మజీవులు దొరికాయి. కట్టు కట్టేముందు చేతులు కడుక్కుని, మధ్యలో ఫోన్ ఎత్తి, మళ్ళీ అదే చేత్తో కట్టు కడితే కడిగిన ఫలితం పోయింది. 70 శాతం ఆల్కహాల్ తడిపిన గుడ్డతో రోజూ తుడవండి. కాన్పు గదిలోకి, ఆపరేషన్ గదిలోకి ఫోను తేవద్దు.

ఫోనులో డాక్టరు

2020 మార్చి 25న కేంద్రం విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రిజిస్టరైన డాక్టరు వీడియోలో, ఫోనులో, వాట్సాప్‌లో కూడా సలహా ఇవ్వవచ్చు. రోగి తానే ఫోన్ చేస్తే అంగీకరించినట్టే. ఆశ గాని, ఏఎన్ఎం గాని కలిపితే మాత్రం రోగిని స్పష్టంగా అడిగి ఒప్పించాలి. మొదట చెప్పవలసినవి వయసు, బరువు, ఇదివరకు పడని మందులు, ఇప్పుడు వాడుతున్న మందులు. సిగ్నల్ పోతే తిరిగి చేయడానికి ఇంకో నంబరు ముందే తీసుకోండి. మత్తు మందులు, నిషేధ జాబితాలోని మందులు ఇలా రాయడానికి వీల్లేదు. వచ్చిన చీటీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ ఉన్నాయా చూడండి. అవి లేని చీటీ మీద మందు తేవద్దు, ఇవ్వవద్దు.