సీట్లు పెరగవు, నిమిషాలు చేతులు మారతాయి

థీమ్ పార్కులో ఒక రైడ్ గంటకు 1,000 మందిని తిప్పగలదని అనుకుందాం. మధ్యాహ్నం వేళ దాని ముందు 600 మంది నిలబడ్డారు. వరుస ఒకటే అయితే ఆఖరి మనిషి వంతు 36 నిమిషాల్లో వచ్చేస్తుంది. ఇప్పుడు పక్కనే రెండో దారి తెరిచి, అదనంగా డబ్బు కట్టినవాళ్లను అటునుంచి పంపుతున్నారనుకోండి. గంటకు 700 సీట్లు ఆ దారికే పోతే మామూలు వరుసకు మిగిలేవి 300. అప్పుడు అదే 600 మందిలో ఆఖరి మనిషి 2 గంటలు నిలబడాలి. రైడ్ మునుపటి వేగంతోనే తిరుగుతోంది, సిబ్బందీ తగ్గలేదు. ఆ మనిషి రోజులోంచి మాత్రం గంటన్నర దాకా పోయింది.

నిజమైన పార్కులో లెక్క ఇంత సూటిగా ఉండదు. ఆ 600 మందిలో కొందరు పాసు కొని పక్క దారికి మారతారు, దాంతో మామూలు వరుస కొంత తగ్గుతుంది. కానీ పాసు చేతిలో ఉన్నవాళ్లు ఒక్కసారి ఎక్కేచోట రెండుసార్లు ఎక్కుతారు. పొడవాటి వరుస చూసి వెనక్కి తిరిగిపోవాల్సినవాళ్లు కూడా పాసు ఉంది కదా అని ఎక్కుతారు. అందుకే రద్దీ రోజున మామూలు వరుస కదలడమే గగనమైపోతుంది.

వరుస దాటించే పాసు కొత్తగా ఒక్క సీటునైనా పుట్టించదు. ఒకరి రోజులోని నిమిషాలను తీసి ఇంకొకరి రోజులో కలుపుతుంది, అంతే. ఆ తీసుకోవడానికి ఒక హద్దు ఉందా, ఆ హద్దు అందరికీ తెలుసా, ఎక్కువ డబ్బు కట్టలేనివాళ్లకూ ఏదో ఒకటి దక్కుతోందా? న్యాయం గురించిన చర్చంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరగాలి.

కూపన్ల నుంచి పాసుల దాకా

1955లో కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచిన కొత్తలో ఇప్పటిలా ఒకే టికెట్టుతో అన్నీ ఎక్కే వీలు లేదు. కూపన్ల పుస్తకం కొనాలి. చిన్న రైడ్లకు ఏ కూపన్, అంతకంటే పెద్దవాటికి బి, సి, అలా పైకి. 1959లో వచ్చిన ఇ కూపన్ అన్నిటికంటే గొప్ప రైడ్లకు. పుస్తకంలో ఇ కూపన్లు కొన్నే ఉండేవి కాబట్టి ఎవరైనా ఆలోచించి వాడుకునేవారు. 1982లో ఈ పద్ధతి పోయి, ఒక్క టికెట్టుతో ఎన్నిసార్లయినా ఎక్కే పద్ధతి వచ్చింది. అంతవరకూ కూపన్ చేసిన పనిని ఇక వరుస చెయ్యడం మొదలుపెట్టింది. మంచి రైడ్ ఎక్కాలంటే ఓపికగా నిలబడాలి. ఆ ఓపిక ధర లక్షాధికారికీ గుమస్తాకీ ఒకటే.

1999లో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఫాస్ట్‌పాస్ వచ్చింది. రైడ్ దగ్గరున్న యంత్రంలో టికెట్ పెడితే, ఫలానా వేళకు రమ్మని ఒక చీటీ ఇచ్చేది. పైసా కట్టనక్కర్లేదు. ఒక చీటీ చేతిలో ఉండగా వెంటనే రెండోది ఇవ్వదు. పొద్దున్నే వచ్చి, పార్కంతా చురుగ్గా తిరిగేవాళ్లకు దీంతో ఎక్కువ లాభం కలిగిన మాట నిజమే. అయినా ఆ చీటీ పొందే హక్కు టికెట్ కొన్న ప్రతివాళ్లకూ ఉండేది.

2014 నాటికి అది ఫోన్‌లోకీ చేతి పట్టీలోకీ మారింది. డిస్నీ హోటళ్లలో దిగేవాళ్లు 60 రోజుల ముందే, మిగతావాళ్లు 30 రోజుల ముందు స్లాట్లు ఎంచుకునేవారు. అప్పటికీ అది ఉచితమే, కానీ ముందు వరసలో ఎవరుండాలో హోటల్ గది నిర్ణయించడం అప్పుడే మొదలైంది. 2021లో ఉచిత పద్ధతి పూర్తిగా పోయింది. దాని స్థానంలో ఫ్లోరిడాలో రోజుకు మనిషికి 15 డాలర్లతో జీనీ ప్లస్ అనే పాసు పెట్టారు. బాగా గిరాకీ ఉన్న ఒకటి రెండు రైడ్లకు మళ్లీ విడిగా కట్టాలి. 2024 అక్టోబరులో ప్రీమియర్ పాస్ వచ్చింది. వచ్చిన కొత్తలో ఫ్లోరిడాలో దాని ధర పార్కునూ తేదీనీ బట్టి మనిషికి 449 డాలర్ల దాకా ఉండేది. ప్రవేశ టికెట్టుకు ఇది అదనం. ఉచితంగా మొదలైన సౌకర్యం పాతికేళ్లలో ఇక్కడికి చేరింది.

మనవాళ్లకూ ఇది దూరపు విషయం కాదు. 2016లో హైదరాబాద్ శివారులో తెరిచిన వండర్లాలోనూ మామూలు టికెట్టు కంటే ఎక్కువ ధరకు ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఉంది. వేసవి సెలవుల్లో పిల్లలతో వెళ్లే మధ్యతరగతి కుటుంబం నలుగురికీ అది కొనాలా వద్దా అని టికెట్ కిటికీ దగ్గరే లెక్కలు వేసుకోవాలి.

నిలబడటం కంటే ఎక్కువ నొప్పి

వరుసలో నిలబడే మనిషి మనసు గురించి పరిశోధకులు నలభై ఏళ్లుగా రాస్తున్నారు. 1985లో డేవిడ్ మైస్టర్ కొన్ని సూత్రాలు చెప్పాడు. ఊరికే కూర్చున్న సమయం ఏదో పనిలో గడిచిన సమయం కంటే పొడవుగా అనిపిస్తుంది. ఎంతసేపో తెలియని ఎదురుచూపు, తెలిసినదానికంటే పొడవు. అన్యాయమైన ఎదురుచూపు, న్యాయమైనదానికంటే పొడవు. ఎంఐటీకి చెందిన రిచర్డ్ లార్సన్ 1987లో మరో మాట అన్నాడు: మన వెనక వచ్చినవాడు మనకంటే ముందు వెళ్లిపోతే, గడిచింది కొద్దిసేపే అయినా మనిషి దాన్ని సహించలేడు. అందరూ ఒకే న్యాయంతో కదిలే వరుసలో ఇంకాస్త ఎక్కువసేపైనా ఓర్చుకుంటాడు.

అందుకే పార్కుల్లో గొడవ నిమిషాల దగ్గర ఆగదు. ఎండలో గంటసేపు నిలబడ్డ పిల్లవాడి కళ్లముందే, అప్పుడే వచ్చిన ఇంకో పిల్లవాడు నవ్వుతూ లోపలికి వెళ్లిపోతాడు. "వాళ్లెందుకు ముందు?" అని పిల్లవాడు అడిగితే తండ్రి ఏం చెప్పాలి?

డబ్బు కట్టే పాసులను సమర్థించేవాళ్ల వాదనలోనూ కొంత బలం ఉంది. ఇష్టమున్నవాళ్లు ఎక్కువ కడితే పార్కుకు ఆదాయం వస్తుంది, దాంతో కొత్త రైడ్లు కట్టవచ్చు, అందరి టికెట్టూ పెంచనక్కర్లేదు అంటారు. ఏళ్లకు ఒకసారి, ఎంతో దూరం నుంచి, ఒక్క రోజు కోసం వచ్చిన కుటుంబానికి ఆ పాసు నిజంగా విలువైనది కావచ్చు. అయితే తత్వవేత్త మైకేల్ శాండెల్ 2012లో రాసిన "వాట్ మనీ కాంట్ బై" మొదటి అధ్యాయం ఈ వరుస దాటడం గురించే. డబ్బు పద్ధతి వచ్చాక, వరుస అనే సమానపు చోటు మెల్లగా కనుమరుగవుతుందన్నది అందులోని ఆందోళన.

దీనికితోడు మరో చిక్కుంది. మామూలు వరుస హాయిగా కదులుతుంటే పాసు ఎవరూ కొనరు. అది ఎంత నరకమైతే పాసు అంత అమ్ముడుపోతుంది. అంటే వరుసను బాగుచెయ్యాల్సినవాళ్లకే, అది బాగుపడకపోతే లాభం. ఏ యాజమాన్యానికీ చెడు ఉద్దేశం అంటగట్టనక్కర్లేదు. ఇలాంటి ఏర్పాటులో ఎంత మంచివాళ్లున్నా, హద్దు రాసి పెట్టకపోతే కాలక్రమంలో అటువైపే జారుతుంది.

ఫోన్‌లో నిలబడే వరుస

నిలబడకుండా వంతు వచ్చే పద్ధతి ఒకటుంది. తిరుపతిలో సర్వదర్శనం టోకెన్ తీసుకున్న భక్తుడికి ఒక సమయం రాసి ఇస్తారు, ఆ వేళకు కొండమీద వరుసలో కలిస్తే సరిపోతుంది. థీమ్ పార్కుల్లో ఇదే ఫోన్ ద్వారా జరుగుతుంది. 2019 డిసెంబరులో ఫ్లోరిడాలో తెరిచిన స్టార్ వార్స్ రైడ్, రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్, మొదట ఇలాగే నడిచింది. తర్వాత కొంతకాలం పొద్దున 7 గంటలకూ మధ్యాహ్నం 1 గంటకూ బృందాల సంఖ్యలు ఇచ్చేవారు. రద్దీ రోజుల్లో అవి తెరిచిన క్షణాల్లోనే అయిపోయేవి.

ఇందులో డబ్బు లేదు. అయినా దీన్ని పూర్తి న్యాయం అనలేం. మంచి ఫోన్, వేగమైన నెట్, చురుకైన వేళ్లు ఉన్నవాళ్లకే సంఖ్య దొరుకుతుంది. వేసవిలో అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దవాళ్లు, అక్కడి సిమ్ లేని ఫోన్‌తో, ఇంగ్లీషు యాప్‌లో ఆ పోటీలో నెగ్గగలరా? ఇంకో సంగతి, వరుసలోంచి విడుదలైన వేలమంది గాల్లో కలిసిపోరు. ఆ సమయంలో పక్క రైడ్ల ముందు నిలబడతారు. పార్కులో అందరినీ ఒకేసారి కూర్చోబెట్టేన్ని సీట్లు లేనప్పుడు, ఒకచోట మాయమైన వరుస ఇంకోచోట తేలుతుంది.

నిలబడలేనివాళ్ల సంగతి

వికలాంగులకూ ఆటిజం ఉన్న పిల్లలకూ ఇచ్చే వెసులుబాటును చాలామంది వరుస దాటడంగానే చూస్తారు. అది పొరపాటు. డిస్నీ పద్ధతిలో మామూలు వరుస ఆ సమయానికి ఎంత ఉందో దాన్నిబట్టి వాళ్లకు తిరిగి వచ్చే వేళ ఇస్తారు. వాళ్లూ ఎదురుచూస్తారు. ఇరుకు సందులో, అరుపుల మధ్య కాకుండా ఇంకోచోట ఎదురుచూస్తారు.

దీన్ని దుర్వినియోగం చేసినవాళ్లున్నారు. 2013లో కొన్ని సంపన్న కుటుంబాలు వికలాంగులను అద్దెకు తెచ్చుకుని ముందుకు వెళుతున్నాయని అమెరికా పత్రికల్లో వచ్చింది. ఆ ఏడాదే డిస్నీ ఈ వెసులుబాటుకు ఇచ్చే పాత కార్డు తీసేసి కొత్త పద్ధతి పెట్టింది. 2024లో నిబంధనలు ఇంకా బిగించి, ముఖ్యంగా ఆటిజం వంటి ఎదుగుదల లోపాలున్నవారికే పరిమితం చేసింది. ఇతర జబ్బులతో ఎక్కువసేపు నిలబడలేనివాళ్లు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. వరుస దాటడానికి డబ్బు కట్టే దారి ఖరీదయ్యేకొద్దీ, ఉచితంగా ఉన్న ఈ ఒక్క దారి మీద ఒత్తిడి పెరుగుతుంది. అబద్ధం ఆడినవాళ్ల తప్పుకు శిక్ష నిజంగా అవసరమున్నవాళ్ల మీద పడుతుంది. మామూలు వరుసను మనుషులు భరించగలిగేలా ఉంచడమే వీళ్లకు కూడా మేలు.

ఏం చేస్తే న్యాయం?

అన్నిటికంటే ముందు, పాసుల దారికి గంటలో ఎన్ని సీట్లు ఇస్తారో పార్కు రాసి పెట్టాలి. అది సగానికి మించకూడదని నా గట్టి అభిప్రాయం. మన మొదటి లెక్కలో 700కు బదులు 500 ఇస్తే, ఆఖరి మనిషి ఎదురుచూపు 120 నిమిషాల నుంచి 72కి పడిపోతుంది.

రెండోది, అమ్మకాన్ని మామూలు వరుసతో ముడిపెట్టాలి. వరుస ఉదాహరణకు 75 నిమిషాలు దాటితే, తగ్గేదాకా ఆ రైడ్‌కు పాసులు అమ్మడం ఆపెయ్యాలి. అప్పుడు వరుసను కదిలించడంలోనే పార్కుకూ లాభం ఉంటుంది. ఇందాక చెప్పిన చిక్కుముడి విడిపోయేది ఇక్కడే.

మూడోది, ప్రవేశ టికెట్టు కొన్న ప్రతి మనిషికీ రోజుకు ఒకటి రెండు పాసులు ఉచితంగా ఇవ్వాలి. టోక్యో డిస్నీ 2022లో డబ్బు పాసు పెట్టినా, 2023 జులైలో కొన్ని రైడ్లకు ఉచిత పాసు కూడా తెచ్చింది. రెండూ పక్కపక్కనే నడవగలవని దీన్నిబట్టి తెలుస్తుంది.

నాలుగోది, దొరికే సంఖ్యలు తక్కువైనచోట వేళ్ల వేగానికి బదులు లాటరీ పెట్టాలి. టోక్యో డిస్నీలో కొన్ని ప్రదర్శనలకు ఇలాగే యాప్‌లో లాటరీ తీస్తారు. ఫోన్ లేనివాళ్ల కోసం పార్కులోనే ఒక కౌంటరు, కాగితం చీటీ ఉండాలి.

ఐదోది, రైడ్ చెడిపోయి గంటసేపు ఆగితే, ఆ గంట పాసులవాళ్లందరూ తెరవగానే ఒక్కసారి వచ్చిపడతారు. మామూలు వరుస అక్కడే గడ్డకడుతుంది. వాళ్లను మిగిలిన రోజంతా విస్తరించి పంపాలి, లేదా డబ్బు వాపసు ఇవ్వాలి.

ఇవన్నీ ఉన్న సీట్లను పంచుకునే మార్గాలు. ఎవరి నిమిషాలనూ తీసుకోకుండా లాభం ఇచ్చేవీ ఉన్నాయి. నలుగురు కూర్చునే వరసలో ముగ్గురి కుటుంబం ఎక్కితే నాలుగో సీటు ఖాళీగా పోతుంది. ఒంటరిగా ఎక్కడానికి సిద్ధపడినవాళ్లకు విడిగా చిన్న వరుస పెడితే ఆ సీట్లు నిండుతాయి. చంటిబిడ్డతో వచ్చిన దంపతుల్లో ఒకరు ఎక్కి దిగాక, రెండోవారు మళ్లీ మొదటినుంచీ నిలబడకుండా ఎక్కే పద్ధతి చాలా పార్కుల్లో ఉంది. రైడ్ దగ్గర చాలినంత మంది సిబ్బంది ఉండి, జనాన్ని చకచకా ఎక్కించి దించితే గంటకు తిరిగేవాళ్ల సంఖ్యే పెరుగుతుంది. ఖాళీ సీట్లు నింపడంతోపాటు వరుసను నిజంగా చిన్నది చేసే మందు ఇదే.

టికెట్ కొనే మనం కూడా కౌంటరులో కొన్ని ప్రశ్నలు అడగాలి. ఈ రోజు ఎన్ని ఫాస్ట్ పాసులు అమ్మారు? మామూలు టికెట్టుతో సగటున ఎన్ని రైడ్లు ఎక్కగలం? రైడ్ ఆగిపోతే ఏం చేస్తారు? ఇవి అడిగేవాళ్లు పదిమంది అయితే, జవాబు బోర్డు మీద రాసి పెట్టక తప్పదు. పార్కు ప్రవేశ టికెట్టు అమ్మినప్పుడే అందరికీ ఒక రోజు సంతోషాన్ని వాగ్దానం చేసింది. ఎక్కువ కట్టినవాళ్లకు కొంత ఎక్కువ ఇవ్వవచ్చు. తక్కువ కట్టినవాళ్లకు చేసిన వాగ్దానం తెగేదాకా మాత్రం ఇవ్వకూడదు.