బీడీ కార్మికులకు యజమాని యెవరు?

వేలూరు కోటలో 1806లో జరిగిన సిపాయిల తిరుగుబాటును గూర్చి చరిత్రకారులు విపులముగనే వ్రాసియున్నారు. ఆ కోట వెలుపల అంతకంటె ఎంతో దీర్ఘకాలము సాగిన పోరాటమును గూర్చి వ్రాసినవారు అరుదు. అది బీడీలు చుట్టువారి పోరాటము. వేలూరునందును, పలమనేరు కొండలనుండి దిగివచ్చు కౌండిన్యానది యొడ్డుననున్న గుడియాత్తమునందును, చేనేతతోను అగ్గిపెట్టెలతోను బాటు ఎన్నో పేదకుటుంబములకు కూడుపెట్టినది ఈ పనియే. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడునంతవఱకు ఈ సీమలో పెద్దభాగము మనతో కలిసి ఒకే ఉత్తరార్కాడు జిల్లాగా నుండెను. నేటికిని అచ్చట తెలుగు వినబడుచునే యున్నది.

తునికాకును తడిపి, రేకుముక్క కొలతకు కత్తెరతో కత్తిరించి, పొగాకు పొడి యుంచి చుట్టి, మూతి మడిచి, దారము కట్టవలెను. కూలి దినమునకు గాదు, వేయి బీడీలకు. ఇచ్చిన ఆకు చాలకున్నచో ఆ లోటు చుట్టినవారిదే. బాగులేవని యేరివేసిన బీడీలకు కూలి లేదు. అయినను ఆ బీడీలు మాత్రము వర్తకునికే దక్కును! అప్పుపడిన తల్లిదండ్రులు బయానా తీసికొని బిడ్డలనే పనికి కుదువబెట్టుచు వచ్చిరి. ఐదేండ్ల పసివారు సైతము బీడీకొట్లలో పది పండ్రెండు గంటలు పనిచేయుచున్నారని విట్లీ కమీషను 1931లో వెల్లడించెను. బిడ్డల శ్రమను తాకట్టుపెట్టుటను నిషేధించుచు 1933లో చట్టము వచ్చెను. ఒక అంతర్జాతీయ మానవహక్కుల సంస్థ 1996లో వెలువరించిన నివేదికయందు ఉత్తరార్కాడు బీడీ గ్రామములలో అదే తాకట్టు మరల కనబడెను. నడుమ గడచినవి అఱువది మూడేండ్లు.

ఇంతటి యన్యాయమునకు విరుగుడు కూలి పెంచుటయే యని తోచవచ్చును. కాని కూలి నెవరి నడుగవలెను? తాను ఆకును, పొగాకును ఇచ్చి, చుట్టిన బీడీలను కొనువాడనే గాని యజమానిని గానని మార్కుగల వర్తకుడు వాదించెను. నడుమనున్న కంట్రాక్టరు తరచుగా తానును పేదవాడే. కావున సంఘముల తొలి పోరాటము యజమానిచేత తాను యజమానినని యొప్పించుటకే జరిగెను. మా యుద్దేశమున ఈ యుద్యమము సాధించిన ఘనవిజయ మదియే.

బీడీ, చుట్ట, తోళ్ల పరిశ్రమలపై డాక్టరు బి. వి. నారాయణస్వామి నాయుడుగారి విచారణ నివేదిక 1948లో వెలువడెను. 1954లో కామరాజు నాడారుగారు ముఖ్యమంత్రియైన పిదప గుడియాత్తము ఉపయెన్నికలోనే, కమ్యూనిస్టు అభ్యర్థి నోడించి, శాసనసభకు వచ్చిరి. వారి ప్రభుత్వకాలముననే, 1958లో, మద్రాసు బీడీ కార్ఖానాల చట్టము పుట్టెను. చట్టము కార్ఖానాకు వర్తించునని తెలిసినంతనే వర్తకులు కార్ఖానాలను మూసి ఆకును ఇండ్లకు పంపసాగిరి. పని అరుగుమీదికి, స్త్రీల చేతులలోనికి పోయెను. కార్ఖానాలో పదిమంది కూర్చుండు చోట పుట్టిన సంఘములు ఈ యొంటరి స్త్రీని చేరుటలో ఆలస్యము చేసినవని చెప్పక తప్పదు.

1964లో సేలము బీడీ కార్మికుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు ముసుగు తొలగించెను: కంట్రాక్టరు వర్తకుని యేజెంటు మాత్రమే, కార్మికులు వర్తకుని పనివారే. 1941లో వేలూరు చెఱసాలనుండి తప్పించుకొనిపోయిన ఏ. కె. గోపాలనుగారే లోకసభలో బీడీ కార్మికులకై స్వయముగా బిల్లు తెచ్చినవారు. 1966లో వచ్చిన కేంద్ర చట్టము ఇంటియొద్ద చుట్టువారినిగూడ కార్మికులుగా గుర్తించెను. వర్తకులు కోర్టు కెక్కిరి; 1974లో సుప్రీంకోర్టు చట్టమును నిలబెట్టెను. ఈలోగా కేరళమున ఒక పెద్ద కంపెనీ పని మానివేయగా, కార్మికులు 1969లో కన్ననూరున దినేశ్ బీడీ సహకారసంఘమును స్థాపించుకొనిరి. పాలారు లోయలో అంతటి సహకారసంఘము లేచి యుండినచో కథ వేఱుగా నుండెడిది.

1976లో బీడీలపై సుంకము విధించి సంక్షేమనిధి నేర్పఱచిరి. వైద్యశాలలు, బిడ్డల చదువునకు వేతనములు, ఇండ్ల సహాయము దానినుండియే వచ్చినవి. 2017లో జి.ఎస్.టి. రాగా ఆ సుంకము రద్దయ్యెను. బీడీపై పన్ను నూటికి 28 అయ్యెను గాని, అందులో కార్మికులకని ప్రత్యేకించినది లేదు. 2025లో ఆ పన్నును 18కి తగ్గించుటకు నిర్ణయించిరి. తగ్గిన పదిలో చుట్టినవారికెంత చేరినదో ఏ వర్తకుడైనను లెక్క చూపునా? అదే సంవత్సరము నవంబరు 21న 1966 నాటి చట్టము క్రొత్త కార్మికస్మృతిలో లీనమయ్యెను.

పొగాకు ప్రాణహాని యని, ఈ పరిశ్రమ క్షీణింపవలసినదే యని వైద్యులు చెప్పుదురు. మేము కాదనము. చుట్టువారి ఊపిరితిత్తులకే ఆ పొడి మొదట చేరుచున్నది. అయినను వేఱుపని చూపక ముందే వారి రక్షణలను సడలించుట వైద్యము గాదు. చెన్నపట్టణమునందలి మన న్యాయవాదులలో కొందఱైనను క్రొత్త స్మృతి నియమములను 1964 నాటి తీర్పుతో సరిపోల్చి చూడవలెను. గుడియాత్తములో అరుగుపై కూర్చున్న స్త్రీ తన యజమాని ఫలానావాడని తానే ఋజువు చేసికొనవలసిన దినములు మరల వచ్చునో రావో అందుండియే తెలియును.