ఖాకీలో అమ్మాయిలు: టార్గెట్ 33 శాతం, మనం ఉన్నది 12 దగ్గర. ఎందుకు?

 

పోయిన ఎపిసోడ్ కింద ఒక చెల్లి కామెంట్ పెట్టింది. బీటెక్ అయిపోయింది, ఎస్‌ఐ ఎగ్జామ్‌కి ప్రిపేర్ అవుతోంది. ఇంట్లో వాళ్లేమో "పోలీసు ఉద్యోగం ఆడపిల్లకెందుకమ్మా, హాయిగా సాఫ్ట్‌వేర్ చూసుకో" అంటున్నారట. "అన్నా, నిజంగానే ఆ ఉద్యోగంలో మాకు చోటుందా?" అని అడిగింది. రెండు లైన్ల రిప్లైతో అయ్యే ప్రశ్న కాదది. అందుకే ఈ రోజు ఎపిసోడ్ మొత్తం దాని మీదే.

లేడీ పోలీస్ అనగానే మనకి గుర్తొచ్చేది 'కర్తవ్యం'. 1990 సినిమా. విజయశాంతి గారికి నేషనల్ అవార్డ్ తెచ్చిన సినిమా. మన వయసు వాళ్లు థియేటర్‌లో చూసుండరు, కానీ టీవీలో వస్తే ఇంట్లో ఎవరూ ఛానల్ మార్చనిచ్చేవారు కాదు. ఆ పాత్రకి స్ఫూర్తి కిరణ్ బేడీ గారు. ఆవిడ దగ్గరికి వద్దాం, కానీ కథ అక్కడ మొదలవలేదు. చాలా వెనక్కి వెళ్లాలి.

మొదట్లో ఎందుకు తీసుకున్నారు?

1910, అమెరికాలోని లాస్ ఏంజెలెస్. ఆలిస్ స్టెబిన్స్ వెల్స్ అనే ఆవిడ పోలీసుగా చేరింది. అప్పట్లో పోలీసులకి ట్రామ్‌లో టికెట్ ఉండదు, బ్యాడ్జి చూపిస్తే చాలు. ఈవిడ చూపిస్తే కండక్టర్ నమ్మలేదు, "మీ ఆయన బ్యాడ్జి వాడుకుంటున్నారా?" అన్నాడు. దాంతో డిపార్ట్‌మెంట్ ఆవిడకి ప్రత్యేకంగా "పోలీస్ ఉమన్, నంబర్ 1" అని బ్యాడ్జి చేయించి ఇచ్చింది. ఐదేళ్ల తర్వాత, 1915లో, ఇంగ్లాండ్‌లోని గ్రాంథమ్ ఊళ్లో ఎడిత్ స్మిత్‌కి అరెస్ట్ చేసే పూర్తి అధికారం ఇచ్చారు. బ్రిటన్‌లో ఒక మహిళకి ఆ అధికారం రావడం అదే మొదటిసారి.

మన దేశానికొస్తే, 1933లోనే ట్రావెన్‌కోర్ సంస్థానంలో, అంటే ఇప్పటి కేరళ వైపు, మహిళల్ని పోలీసు పనిలోకి తీసుకున్నారు. 1930ల చివర్లో కాన్పూర్ మిల్లుల్లో సమ్మె జరిగితే, ముందు నిలబడ్డ కార్మిక మహిళల్ని పక్కకి తప్పించడానికి మగ పోలీసులకి ఇబ్బందైంది. అక్కడ కొంతమంది మహిళల్ని తీసుకున్నారు. దేశ విభజన తర్వాత ఢిల్లీలో శరణార్థుల్లో ఆడవాళ్ల కోసం మళ్లీ తీసుకున్నారు.

ఇక్కడ ఒక ప్యాటర్న్ కనిపిస్తోందా? "ఆడవాళ్లకి ఈ ఉద్యోగం చేసే హక్కుంది" అని ఎవరూ అనుకోలేదు. "ఆడవాళ్లని హ్యాండిల్ చేయడానికి ఆడవాళ్లు కావాలి" అనుకున్నారు. అవసరమొచ్చినప్పుడు తీసుకోవడం, మిగతా టైమ్‌లో పక్కన కూర్చోబెట్టడం. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి. తర్వాత తొంభై ఏళ్ల కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆఫీసర్లు ఎప్పుడొచ్చారు?

1972లో కిరణ్ బేడీ గారు ఐపీఎస్‌లో చేరారు. దేశంలో మొదటి మహిళా ఐపీఎస్. 1975 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఢిల్లీ పోలీసు దళాన్ని ముందుండి నడిపించారు. ట్రాఫిక్‌లో ఉన్నప్పుడు రాంగ్ పార్కింగ్ బండ్లని క్రేన్‌తో ఎత్తిస్తుంటే జనం "క్రేన్ బేడీ" అని పేరు పెట్టేశారు. తిహార్ జైల్లో తెచ్చిన మార్పులతో 1994లో మెగసెసే అవార్డ్ వచ్చింది. కానీ 2007లో ఢిల్లీ కమిషనర్ పోస్టు ఆవిడ జూనియర్‌కి వెళ్లింది. అదే ఏడాది స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు.

ఆవిడ తర్వాతి ఏడాది, 1973 బ్యాచ్‌లో వచ్చారు కాంచన్ చౌధరి భట్టాచార్య. 2004లో ఉత్తరాఖండ్ డీజీపీ అయ్యారు. ఒక రాష్ట్రానికి మహిళ డీజీపీ కావడం దేశంలో అదే మొదలు. 1989లో దూరదర్శన్‌లో 'ఉడాన్' అనే సీరియల్ వచ్చింది, ఆవిడ జీవితం ఆధారంగా సొంత చెల్లెలే తీసింది. అది చూసే పోలీసు అవ్వాలనుకున్నామని చెప్పే ఆఫీసర్లు ఇప్పటికీ ఉన్నారు.

మన వైపు చూస్తే, 1979 బ్యాచ్ అరుణా బహుగుణ గారు ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో పనిచేశారు. 2014లో హైదరాబాద్ శివరాంపల్లిలో ఉన్న నేషనల్ పోలీస్ అకాడమీకి డైరెక్టర్ అయ్యారు. దేశంలోని ఐపీఎస్‌లందరూ ట్రైనింగ్ తీసుకునే చోటు అది. ఆ కుర్చీలో మహిళ కూర్చోవడం అదే మొదటిసారి. అదే ఏడాది అక్టోబర్‌లో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. సీనియర్ ఐపీఎస్ స్వాతి లక్రా గారు వాటిని నడిపించారు. మఫ్టీలో బస్టాపుల దగ్గర, కాలేజీల దగ్గర నిలబడి, వేధించేవాళ్లని వీడియో ఎవిడెన్స్‌తో సహా పట్టుకోవడం వాళ్ల పద్ధతి.

చేతిలో తుపాకీ లేని కానిస్టేబుల్

ఆఫీసర్ల కథలు మనకి కొద్దోగొప్పో తెలుసు. కానిస్టేబుళ్ల కథలు తెలీవు. ఒక్కటి చెప్తాను.

2001 డిసెంబర్ 13. పార్లమెంట్ మీద దాడి. గేటు దగ్గర సీఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ కమలేశ్ కుమారి డ్యూటీలో ఉన్నారు. ఆవిడది 88వ మహిళా బెటాలియన్. లోపలికి వచ్చిన కారు మీద అనుమానం వచ్చి, గేటు మూయించడానికి పరిగెత్తారు. టెర్రరిస్టులని గుర్తుపట్టి గట్టిగా అరిచి అందరినీ అలర్ట్ చేశారు. వాళ్లు ఆవిడ మీద కాల్పులు జరిపారు. పదకొండు బుల్లెట్లు. అక్కడే ప్రాణం పోయింది. ఆ టైమ్‌లో ఆవిడ చేతిలో ఉన్నది వాకీటాకీ మాత్రమే. ఎందుకంటే పార్లమెంట్ దగ్గర డ్యూటీ చేసే మహిళా కానిస్టేబుళ్లకి అప్పట్లో ఆయుధం ఇచ్చేవారు కాదు. తర్వాత అశోక చక్ర ఇచ్చారు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింట్ ఇదే. ఆడవాళ్లని చెక్ చేయడానికి మాత్రమే నిలబెట్టారు. ఆవిడ చేసింది మాత్రం పూర్తి సైనికుడి పని.

ఇప్పుడు లెక్కలు చూద్దాం

2022 జనవరి 1 నాటికి దేశంలో పోలీసుల్లో మహిళలు 11.75 శాతం. సుమారు 2.46 లక్షల మంది. 33 శాతానికి పెంచమని కేంద్రం రాష్ట్రాలకి 2013 నుంచి లెటర్ మీద లెటర్ రాస్తూనే ఉంది. ప్రతి స్టేషన్‌లో కనీసం ముగ్గురు మహిళా ఎస్‌ఐలు, పది మంది మహిళా కానిస్టేబుళ్లు ఉండాలని కూడా చెప్పింది. మీ ఏరియా స్టేషన్‌లో ఎంతమంది ఉన్నారో ఈసారి అటు వెళ్లినప్పుడు చూడండి.

ఇప్పుడు అసలు సమస్య. చట్టం ఏమంటుంది? లైంగిక దాడి కేసులో బాధితురాలి ఫిర్యాదు మహిళా అధికారే రాసుకోవాలి. ఒక మహిళని సోదా చేయాలంటే మహిళే చేయాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం ముందు మహిళని అరెస్ట్ చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి మేజిస్ట్రేట్ దగ్గర ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. అన్నీ మంచి రూల్సే. కానీ ఇంజినీర్‌లా ఆలోచించండి: ట్రాఫిక్‌లో పెద్ద భాగాన్ని ఒకే సర్వర్‌కి పంపిస్తున్నాం, ఆ సర్వర్ కెపాసిటీ 12 శాతం. ఏమవుతుంది? క్యూ పెరుగుతుంది. "మేడమ్ లేరమ్మా, రేపు రండి" అంటారు. దెబ్బలు తిని వచ్చిన మనిషికి ఆ రేపు చాలా దూరం.

ఇంకోటి, ఉన్నవాళ్లు ఎక్కడున్నారు? దాదాపు 90 శాతం మంది కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్ స్థాయిలోనే. ఐపీఎస్ స్థాయిలో దేశం మొత్తం మీద వెయ్యి మంది కూడా లేరు.

2019లో పోలీసుల పని పరిస్థితుల మీద ఒక పెద్ద సర్వే వచ్చింది. పోలీసులు సగటున రోజుకి 14 గంటలు పనిచేస్తున్నారని తేలింది. మహిళా పోలీసుల్లో ఐదుగురిలో ఒకరు "మా స్టేషన్‌లో మాకు వేరే టాయిలెట్ లేదు" అన్నారు. బందోబస్తు డ్యూటీకి రోడ్డు మీద పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే ఆవిడ మంచినీళ్లు తక్కువ తాగుతుంది. ఎందుకో చెప్పక్కర్లేదు. ఆఫీసులో ఏసీ పని చేయకపోతే హెచ్‌ఆర్‌కి మెయిల్ కొట్టే బ్యాచ్ మనం, ఒక్కసారి ఊహించుకోండి.

ఆడవాళ్లు ఉంటే నిజంగా తేడా ఉందా?

ఉంది, రుజువు కూడా ఉంది. మధ్యప్రదేశ్‌లో 180 పోలీస్ స్టేషన్ల మీద పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. మన భాషలో చెప్పాలంటే ఏ/బీ టెస్టింగ్. కొన్ని స్టేషన్లలో మహిళా హెల్ప్ డెస్క్ పెట్టారు, కొన్నింటిలో పెట్టలేదు. డెస్క్ ఉన్నచోట మహిళల ఫిర్యాదులు ఎక్కువ నమోదయ్యాయి. ముఖ్యంగా ఆ డెస్క్‌లో మహిళా అధికారులు కూర్చున్న చోట ఎఫ్‌ఐఆర్‌లు పెరిగాయి. నేరాలు పెరిగాయని కాదండీ, అంతకుముందు కాగితం మీదికే రానివి ఇప్పుడు వచ్చాయి.

మరైతే మహిళలకి వేరే స్టేషన్లు పెట్టేస్తే సరిపోతుందా? 1973లోనే కోళికోడ్‌లో మొదటి మహిళా పోలీస్ స్టేషన్ పెట్టారు. 1992లో తమిళనాడు పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. మన జిల్లాల్లోనూ ఉన్నాయి. కొంత మేలు జరిగింది. కానీ 2015లో హర్యానా జిల్లా జిల్లాకీ పెడితే, ఒక అధ్యయనం వేరే విషయం బయటపెట్టింది. మామూలు స్టేషన్ వాళ్లు "అది మా పని కాదు, అక్కడికి వెళ్లండి" అని పంపించడం మొదలుపెట్టారు. ఊళ్లో ఉన్న స్టేషన్ వదిలేసి జిల్లా కేంద్రం దాకా బస్సెక్కాలి. అంటే వేరే గది కట్టడం కంటే, ప్రతి స్టేషన్‌లో మహిళలు ఉండటం ముఖ్యం.

లైబీరియా ఉదాహరణ చూడండి. 2007లో ఐక్యరాజ్యసమితి తరఫున మన సీఆర్‌పీఎఫ్ నుంచి పూర్తిగా మహిళలతో ఒక దళం అక్కడికి వెళ్లింది. ఐరాస చరిత్రలోనే అది మొదటి పూర్తి మహిళా పోలీసు దళం. తొమ్మిదేళ్లు వేరువేరు బ్యాచ్‌లు పనిచేశాయి. ఆ కాలంలో అక్కడి భద్రతా రంగంలో మహిళల వాటా 6 శాతం నుంచి 17 శాతానికి పెరిగింది. రోజూ రోడ్డు మీద యూనిఫామ్‌లో ఆడవాళ్లని చూస్తే, చూసే చిన్నపిల్లకి "ఇది నాకూ కుదురుతుంది" అనిపిస్తుంది.

చెల్లికి నా జవాబు

చోటుందా అంటే, ఉంది. కానీ పరిచి పెట్టిన చోటు కాదు, జరిగి కూర్చోవాల్సిన చోటు. తెలంగాణలో ఫిజికల్ టెస్ట్‌లో అమ్మాయిలకి 800 మీటర్ల పరుగు ఉంటుంది. నువ్వు అది పరిగెత్తేస్తావు. కష్టం ఆ తర్వాత ఉంది: డ్యూటీ టైమ్, పిల్లలు, రైటర్ టేబుల్ దగ్గరే ఉంచేసే పోస్టింగులు. ఇంట్లో వాళ్ల భయం పూర్తిగా తప్పు కాదు. దాన్ని కొట్టిపారేయకు, కూర్చుని మాట్లాడు. అయితే ఒక మాట అడుగు: "రేపు నాకే స్టేషన్‌కి వెళ్లాల్సిన అవసరమొస్తే, ఆ టేబుల్ అవతల ఎవరుండాలనుకుంటారు?"

మిగతా వాళ్లకి మూడు ముక్కలు. ఎమర్జెన్సీలో 112, మహిళల హెల్ప్‌లైన్ 181, ఫోన్‌లో సేవ్ చేసుకోండి. నేరం ఏ ఏరియాలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు, "మా పరిధి కాదు" అనే మాట చెల్లదు. ఎఫ్‌ఐఆర్ రాయకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. చట్టంలోనే ఉంది.

మీ ఇంట్లో, మీ ఊళ్లో పోలీసు ఉద్యోగం చేసే అక్క ఎవరైనా ఉంటే, ఈ ఎపిసోడ్ పంపించి, ఆవిడ అనుభవం అడిగి కామెంట్‌లో రాయండి. పేర్లు వద్దు, అనుభవం చాలు. వచ్చే వారం ఇంకో టాపిక్‌తో కలుద్దాం. ఉంటాను.