ఫీనిక్స్ బేలో కబురే నిత్యావసరం
నీటి వంతు, ఓడ వేళ, పురపాలక నిర్ణయం: తెలుగు కుటుంబాలకు చేరేది ఏ భాషలో?

శ్రీవిజయపురం: బంగాళాఖాతం నడుమ, ఆంధ్ర తీరానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న అండమాన్ దీవుల రాజధానిలో వార్త అనేది కాలక్షేపపు వస్తువు కాదు. రేపు ఉదయం ఏ ఓడ బయలుదేరుతుంది, ఏ ఓడ మరమ్మతుకు వెళ్లింది, ఏ వార్డుకు ఏ పూట కుళాయి నీరు వస్తుంది, తుపాను హెచ్చరిక కారణంగా ఏ రేవు మూతపడింది అనే విషయాలు ఇక్కడి కుటుంబాలకు బియ్యం, కిరోసిన్ వంటివే. ముఖ్యంగా రేవును ఆనుకుని ఉన్న ఫీనిక్స్ బే ప్రాంతంలో ఈ మాట అక్షరాలా నిజం.

2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ పేరును కేంద్ర ప్రభుత్వం శ్రీవిజయపురంగా మార్చింది. నగరం పేరు మారినా ఫీనిక్స్ బే రేవు పని మారలేదు. స్వరాజ్ ద్వీప్ (పూర్వపు హేవ్‌లాక్), షహీద్ ద్వీప్ (పూర్వపు నీల్) మొదలు రంగత్, డిగ్లిపూర్, లిటిల్ అండమాన్‌లోని హట్ బే, నికోబార్ దీవుల వరకు వెళ్లే ప్రయాణికులకు ఇదే ప్రధాన ద్వారం. ప్రభుత్వ నౌకల మరమ్మతు జరిగే మెరైన్ డాక్‌యార్డు, నౌకాయాన సేవల శాఖ టికెట్ కౌంటర్లు ఇక్కడే ఉన్నాయి. ఆసుపత్రికి వచ్చిన రోగి, కళాశాలకు వచ్చిన విద్యార్థి, కొబ్బరి, వక్క, చేప అమ్ముకోవడానికి వచ్చిన చిన్న వ్యాపారి అందరూ ఈ రేవు మీదుగానే తిరుగు ప్రయాణం కట్టవలసినవారు. ఓడ వేళ మారిన సంగతి ఒక రోజు ఆలస్యంగా తెలిస్తే ఆ రోజు బస, భోజనం ఖర్చు వారి నెత్తినే పడుతుంది.

శాసనసభ లేని చోట

ఈ దీవుల పరిపాలనలో ఒక విశేషం ఉంది. ఇది శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం. 1982 నుంచి లెఫ్టినెంట్ గవర్నర్ ఆధ్వర్యంలో పాలన సాగుతున్నది. లోక్‌సభకు ఒకే ఒక్క సభ్యుడు ఎన్నికవుతారు. ఆంధ్రప్రదేశ్‌లోనో, తెలంగాణలోనో పౌరుడు తన వీధి సమస్యను కౌన్సిలర్ వినకపోతే ఎమ్మెల్యేకు, ఆయన వినకపోతే మంత్రికి చెప్పుకోగలడు. ఇక్కడ ఎమ్మెల్యే లేరు, రాష్ట్ర మంత్రి లేరు. నగరవాసికి ఓటు ద్వారా సమీపంలో లభించే ప్రతినిధి పురపాలక మండలి సభ్యుడు మాత్రమే.

రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన తరువాత, దానికి అనుగుణంగా 1994లో అండమాన్ నికోబార్ దీవులకు ప్రత్యేక పురపాలక నిబంధనావళి జారీ అయింది. శాసనసభ లేనందున, కేంద్రపాలిత ప్రాంతాల విషయంలో రాజ్యాంగంలోని 240వ అధికరణం ప్రకారం రాష్ట్రపతికి గల అధికారంతో ఇది వెలువడింది. మంచినీరు, చెత్త, వీధి దీపాలు, డ్రైనేజీ, దుకాణాల లైసెన్సులు, ఇంటి పన్ను వంటి దైనందిన వ్యవహారాలన్నీ పురపాలక మండలి పరిధిలోనివే. నగరంలో 24 వార్డులున్నాయి.

2022 మార్చిలో జరిగిన ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీకి, కాంగ్రెస్‌కు చెరి 10 స్థానాలు లభించాయి. తెలుగుదేశం పార్టీకి 2, డీఎంకేకు 1 దక్కగా, ఒక స్థానంలో స్వతంత్ర అభ్యర్థి గెలుపొందారు. ఇటువంటి సమతూకంలో ఇద్దరు సభ్యుల బలమే కీలకమైంది. 2023 మార్చిలో బీజేపీ మద్దతుతో తెలుగుదేశం పార్టీకి చెందిన ఎస్. సెల్వి మండలి అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. తెలుగునాట పుట్టిన పార్టీ సముద్రం అవతల ఒక నగర పాలనకు నాయకత్వం వహించడం అప్పట్లో జాతీయ పత్రికల దృష్టిని సైతం ఆకర్షించింది. అయితే ఎన్నిక నాటి వార్త దేశమంతా తెలిసినంత సులభంగా, ఎన్నిక తరువాత మండలి తీసుకునే నిర్ణయాలు ఆ నగరవాసికే తెలుస్తున్నాయా అన్నది అసలు ప్రశ్న.

సర్కారు వారి దినపత్రిక

దీవుల్లో సమాచార ప్రసారానికి ఒక ప్రత్యేక సంప్రదాయం ఉంది. పరిపాలన యంత్రాంగమే స్వయంగా 'ది డైలీ టెలిగ్రామ్స్' అనే ఆంగ్ల దినపత్రికను, 'ద్వీప్ సమాచార్' అనే హిందీ పత్రికను వెలువరిస్తుంది. ప్రభుత్వమే దినపత్రిక నడపడం దేశంలో అరుదైన విషయం. ఓడల రాకపోకల పట్టిక, టికెట్ల జారీ తేదీలు, ఉద్యోగ ప్రకటనలు, టెండర్లు, విద్యుత్ కోత సమయాలు, నీటి సరఫరా ప్రకటనలు ఇందులో వస్తాయి. ప్రధాన భూభాగపు పత్రికలు విమానంలోనో ఓడలోనో రావలసి ఉన్న కాలంలో ఇక్కడివారు దీనిపై ఎంతగా ఆధారపడ్డారో ఊహించవచ్చు.

అయితే ప్రకటన వేరు, వార్త వేరు. ఫలానా రోజున నీరు రాదని ప్రభుత్వ పత్రిక చెబుతుంది. ఎందుకు రాదు, మరమ్మతుకు ఎంత ఖర్చయింది, గత సంవత్సరం అదే పైపునకు ఎంత ఖర్చు చేశారు అనే ప్రశ్నలు వేయవలసింది స్వతంత్ర పత్రికలే. ఆ పనికి ఇక్కడ 'ది లైట్ ఆఫ్ అండమాన్స్', 'అండమాన్ క్రానికల్', 'అండమాన్ షీఖా' వంటి స్థానిక పత్రికలు పూనుకున్నాయి. పాఠకుల సంఖ్య స్వల్పం, వ్యాపార ప్రకటనలు స్వల్పం, అచ్చు కాగితం మొదలు అన్నీ సముద్రం దాటి రావలసినవే. ప్రధాన ప్రకటనదారు ప్రభుత్వమే అయిన చోట ప్రభుత్వాన్ని ప్రశ్నించే పత్రిక నడపడం కత్తిమీద సాము.

నీటి వంతు

సమాచారం విలువ తెలియాలంటే ఇక్కడి నీటి సరఫరాను పరిశీలిస్తే చాలు. నగరానికి ప్రధాన జలాధారం 1973లో నిర్మాణం పూర్తయిన ధనీఖరి ఆనకట్ట. దీవుల్లో సమృద్ధిగా వర్షాలు కురిసినా, ఏటవాలు నేలపై పడిన నీరు నిలవక సముద్రంలో కలుస్తుంది. ఎండలు మొదలయ్యాక మార్చి, ఏప్రిల్ నెలల్లో రిజర్వాయరు మట్టం పడిపోతుంది. అప్పుడు నీరు వంతులవారీగా, కొన్ని రోజులకు ఒకసారి మాత్రమే అందుతుంది.

వంతు తెలిసిన ఇంట్లో డ్రమ్ములు, బిందెలు సిద్ధంగా ఉంటాయి. ఎవరో ఒకరు పని మానుకుని ఇంటివద్ద ఉంటారు. వంతు మారిన సంగతి తెలియని ఇంట్లో ఆ నీరు పోయినట్లే. మళ్లీ వంతు వచ్చేవరకు ట్యాంకరు కోసం ఎదురుచూడటమో, పొరుగింటివారిని అడగటమో తప్పదు. కొరత ఆనకట్టలో మొదలైనా, దాని భారం మాత్రం కబురు అందనివారిపైనే అధికంగా పడుతుంది. కూలికి, వేటకు తెల్లవారకముందే వెళ్లిపోయే కుటుంబాలే వీరిలో ఎక్కువ.

ఎనిమిది మందిలో ఒకరు

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల మొత్తం జనాభా 3,80,581. వీరిలో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతానికి పైగా, అంటే సుమారు 50 వేల మంది. బెంగాలీ, తమిళం తరువాత మూడవ స్థానం తెలుగుదే. హిందీ మాతృభాషగా గలవారి సంఖ్యను సైతం ఇది స్వల్పంగా మించింది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, నిర్మాణ పనులకు, సర్కారు కొలువులకు వచ్చి స్థిరపడినవారి సంతతి వీరిలో అధికం. తెలుగు మాధ్యమ బోధనకు కూడా ఇక్కడి పాఠశాలల్లో చోటు లభించింది.

ప్రతి ఎనిమిది మందిలో ఒకరు తెలుగువారైన చోట సర్కారు పత్రికలు మాత్రం ఆంగ్లం, హిందీ భాషల్లో ఉన్నాయి. దీవుల్లో బజారు భాష హిందీయే కనుక వ్యవహారం నడిచిపోతుందన్న వాదన ఉంది. అది కొంతవరకు నిజమే. కాని బజారులో బేరమాడటానికి సరిపోయే హిందీ, ఇంటి పన్ను సవరణ నోటీసును చదివి గడువులోగా అభ్యంతరం దాఖలు చేయడానికి సరిపోదు. ఇళ్లలో ఉండే వృద్ధులు, కొత్తగా కాపురానికి వచ్చిన స్త్రీలు ఈ లోటును ముందుగా అనుభవిస్తారు.

ఈ కొరతను కొంతమేరకు తీర్చింది ఆకాశవాణి. 1963లో ప్రారంభమైన పోర్ట్‌బ్లెయిర్ కేంద్రం హిందీతోపాటు బెంగాలీ, తమిళం, తెలుగు, మలయాళం, నికోబారీ భాషల్లో కార్యక్రమాలు ప్రసారం చేస్తూ వచ్చింది. చదువు రానివారికి, పడవపై ఉన్నవారికి సైతం చేరగలగడం రేడియోకున్న బలం.

చట్టం ఏమంటున్నది?

స్థానిక భాషలో సమాచారమివ్వడం అధికారుల దయాదాక్షిణ్యాలకు సంబంధించిన విషయం కాదు. 2005 సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్, ఎవరూ అడగకముందే ప్రభుత్వ సంస్థలు తమంతట తాము వెల్లడించవలసిన వివరాలను పేర్కొంటున్నది. నిర్ణయాలు తీసుకునే విధానం, బడ్జెట్ కేటాయింపులు, లబ్ధిదారుల వివరాలు అందులో ఉన్నాయి. అదే సెక్షన్‌లోని 4వ ఉపవిభాగం, ఖర్చును, స్థానిక భాషను, ఆ ప్రాంతంలో ఏ సాధనం ద్వారా చెబితే జనానికి బాగా చేరుతుందో దానిని దృష్టిలో ఉంచుకుని సమాచారం వ్యాప్తి చేయాలని నిర్దేశిస్తున్నది. నోటీసు బోర్డులు, వార్తాపత్రికలు, బహిరంగ ప్రకటనలు, ప్రసార సాధనాలు అన్నీ ఆ నిర్వచనంలోకి వస్తాయి.

వార్డు కమిటీల విషయంలో మాత్రం చిన్న నగరాలకు రాజ్యాంగం నుంచి అంతటి అండ లేదు. 243-ఎస్ అధికరణం ప్రకారం 3 లక్షలు, ఆపైన జనాభా గల పట్టణాల్లోనే వార్డు కమిటీలు తప్పనిసరి. దీవులన్నీ కలిపినా ఆ సంఖ్యను కొద్దిగా మాత్రమే దాటుతాయి. నగర జనాభా ఆ పరిమితి కంటే బాగా తక్కువ. అంటే వార్డు స్థాయిలో పౌరులు కూర్చుని మాట్లాడుకునే వేదిక రాజ్యాంగరీత్యా ఇక్కడ తప్పనిసరి కాదు.

తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో తమవైన మార్గాలు ప్రయత్నించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రవేశపెట్టిన గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థ సేవలను వీధి చివరకు తెచ్చింది. అదే సంవత్సరం వచ్చిన తెలంగాణ పురపాలక చట్టం, జనాభాతో నిమిత్తం లేకుండా ప్రతి వార్డులో యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఏర్పాటు చేయాలని నిర్దేశించింది. ఆచరణలో ఇవి ఎంతవరకు చురుకుగా ఉన్నాయన్నది వేరే చర్చ. చిన్న పట్టణానికి కూడా వార్డు వేదిక ఉండవచ్చునన్న సూత్రాన్ని అవి అంగీకరించాయన్నది ఇక్కడ ముఖ్యం.

కేబుల్ వచ్చిన తరువాత

2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోదీ చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్‌ను ప్రారంభించారు. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవైన ఈ పథకానికి అయిన వ్యయం రూ. 1,224 కోట్లు. అంతకు ముందు ఉపగ్రహాలపైనే ఆధారపడిన దీవులకు దీనితో వేగవంతమైన ఇంటర్నెట్ లభించింది. ఓడల పట్టిక, పత్రిక, పురపాలక ప్రకటన చేతిలోని ఫోనుకు చేరసాగాయి.

దారి విశాలమైనంత మాత్రాన నిజం దానంతట అది ప్రయాణించదు. కేబుల్ రావడానికి కొన్ని నెలల ముందు, 2020 ఏప్రిల్‌లో, కరోనా క్వారంటైన్ నిబంధనపై సామాజిక మాధ్యమంలో ఒక ప్రశ్న వేసినందుకు స్థానిక పాత్రికేయుడు జుబైర్ అహ్మద్‌ను పోలీసులు అరెస్టు చేశారు. కలకత్తా హైకోర్టు తరువాత ఆ కేసును కొట్టివేసింది. అధికార ప్రకటన ఒక్కటే మిగిలి, ప్రశ్నకు తావు లేకపోతే ఆ ఖాళీలోకి వదంతి ప్రవేశిస్తుందని చెప్పడానికి వేరే నిదర్శనం అక్కరలేదు.

2004 డిసెంబరు 26 నాటి సునామీలో దీవులు భారీ ప్రాణనష్టాన్ని చవిచూశాయి. ఆ విషాదం తరువాత 2007లో హైదరాబాద్‌లోని 'ఇన్‌కాయిస్' సంస్థలో జాతీయ సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పాటైంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా వద్ద సంభవించిన భారీ భూకంపం సందర్భంగా దీవులకు హెచ్చరిక వెళ్లింది ఇక్కడి నుంచే. తెలుగుగడ్డ మీది కంప్యూటరు నుంచి నిమిషాల్లో బయలుదేరే ఆ హెచ్చరిక, ఫీనిక్స్ బే ఒడ్డున వల సర్దుకునే తెలుగు మత్స్యకారునికి అతని భాషలో చేరినప్పుడే దాని పని పూర్తయినట్లు.

ఇందుకు కోట్ల రూపాయల పథకం అవసరం లేదు. వార్డు నోటీసు బోర్డుపై ఆంగ్లం, హిందీలతోపాటు వార్డులో మాట్లాడే భాషల్లో ఒక కాగితం, రేడియోలో నిర్ణీత వేళకు నీటి వంతు, ఓడ వేళ ప్రకటన, మండలి సమావేశ తీర్మానాల సారాంశం నెలకొకసారి చాలు. ఎమ్మెల్యే లేని నగరంలో ఓటరుకు మిగిలినది కౌన్సిలర్ ఒక్కరే. ఆ కౌన్సిలర్ ఏమి చేశారో తెలియనిదే ఐదేళ్లకొకసారి వేసే ఓటుకు అర్థం ఉండదు.